గాలిచాటకు ఆసామి ఎవరు

ఈ సంగతి నేను రాయకపోతే ఇక ఎవరూ రాయరు. చూసినవాళ్లలో చాలామంది పోయారు. మిగిలినవాళ్లకు అబద్ధం అలవాటైపోయింది.

మొన్న మా గ్రంథాలయంలో బల్ల మీద ఒక సంచిక కనిపించింది. ఏదో ఉత్సవానికి అచ్చు వేయించారట, నున్నటి కాగితం. తిరగేస్తుంటే ఒక పేజీలో మిర్యాలగూడ దిక్కు దొర ఒకాయన బొమ్మ ఉంది. దాని కింద, ఈ ప్రాంతంలో గ్లైడరు పందేలు మొట్టమొదట జరిపించింది వారేనని, స్వయంగా తయారుచేసిన గ్లైడరుతో ప్రథమ బహుమతి గెలుచుకున్నారని రాశారు. నేను ఆ సంచికను మూసి బల్ల మీద కొట్టాను. గ్రంథాలయంలో చప్పుడు చేయొద్దని నలుగురికి చెప్పే మనిషిని నేను. ఆ రోజు నేనే చేశాను.

ఆ గ్లైడరు దొర చేయలేదు. ఆయన వేలికి జిగురైనా అంటలేదు. చేసింది ఒక మేదరాయన. పందెం పెట్టింది నేను. బహుమతి దొర చేతిలో పడేటట్టు చేసిన మాట రాసింది కూడా నేనే. నా తప్పు నేను చెప్పుకోకుండా ఇతరుల తప్పు చెబితే అది సాక్ష్యం కాదు, చాడీ. అందుకని రెండూ రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. మేదరాయన ఇంటివాళ్లు వాళ్ల పేరు వద్దన్నారు. ఆయన పేరు లేని కాగితం మీద దొర పేరు ఉండటానికి నేను ఒప్పుకోను.

నేను సూర్యాపేటలో మేరవాణ్ని, మిషను కుట్టేవాణ్ని. నాలుగో జమాత్ దాకా చదివాను, అదీ ఉర్దూలో. సర్కారు బడిలో మాకు తెలుగు చెప్పలేదు. తెలుగు అక్షరాలు గ్రంథాలయంలో నేర్చుకున్నాను. దాన్ని నడిపే పంతులుగారు నాకు వేళ్లు పట్టి దిద్దించారు. మూడు బీరువాల పుస్తకాలుండేవి. ఇరవై రెండేళ్లు వచ్చేసరికి రెండు బీరువాలు పూర్తిగా చదివి, మూడోదాంట్లో కింది అరలో ఉన్న ఇంగ్లీషు పుస్తకాల మీద పడ్డాను. నిఘంటువు పక్కన పెట్టుకుని పూటకొక పేజీ చదివేవాణ్ని. కుట్టే బట్ట మీద వాక్యాలు కనబడేవి నాకు. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. బడికి పోయి చదివినవాడికి చదువు ఎవరో పెట్టిన అన్నం. నేను వండుకుని తిన్నాను.

ఆ కింది అరలోనే అట్టలేని పుస్తకం ఒకటి దొరికింది. బెజవాడ నుంచి ఎవరో పాత పుస్తకాల మూటలో పంపింది. అంతా గ్లైడర్ల గురించే. ఇంజను లేని విమానాలు. కొండ మీద నుంచి తాడుతో లాగి వదిలితే గాలి మీద గంటలకొద్దీ తిరుగుతాయి. పందెం పెట్టుకుంటే, చెప్పిన చోటికి ఎవరు ముందు చేరితే వాళ్లు గెలిచినట్టు. బొమ్మల్లో నాకు నచ్చింది విమానాలు కాదు, చూసే జనం. కొండవాలంతా జనం. అందరి తలలూ ఒకే దిక్కుకు ఎత్తి ఉన్నాయి. ఒకావిడ నోరు తెరిచి అరుస్తోంది. పక్కనున్న ఆయన టోపీ పడిపోయినా చూసుకోలేదు.

మా జనం కూడా అప్పుడు ఆకాశంలోకి చూసేవాళ్లే, కానీ భయంతో. పోలీసు యాక్షన్ అయి ఆరు నెలలు కూడా కాలేదు. పైన విమానం మోత వినబడితే ఆడవాళ్లు పొయ్యి మీది కుండ అట్లాగే వదిలి ఇంట్లోకి పరుగెత్తేవాళ్లు. అందుకే నాకు అనిపించింది, మోత లేని విమానం ఒకటి ఎగరాలి, దాన్ని చూడటానికి వీళ్లు బయటికి రావాలి అని. మనిషి కూర్చునేది మనవల్ల కాదు. రెండు బారల రెక్కతో చిన్నది చేయొచ్చు.

దానికి నేను "నిర్యంత్ర విమానము" అని పేరు కల్పించాను. పంతులుగారు మెచ్చుకున్నారు. అంగట్లో అది రెండు రోజుల్లో "నిరంతర ఇమానం" అయింది.

మా అక్కను మిర్యాలగూడలో ఇచ్చాం. ఆమె ఇంటి వెనక వాడలోనే మేదరాయన ఇల్లు. నలభై ఏళ్ల మనిషి, మాట తక్కువ. భార్యాభర్తలిద్దరూ వాకిట్లో కూర్చుని గంపలు, చాటలు అల్లేవాళ్లు. నేను కాగితం మడిచి చేసిన బొమ్మ పట్టుకుని ఆయన దగ్గరికి పోయాను, వెదురు బద్దల కోసం.

"గిదేంది తమ్మీ, తూనీగనా?"

"విమానం అన్నా. ఇంజను ఉండదు. గాలి మీదనే పోతది."

"ఇంజన్ లేకుంటె ఎట్ల పోతది?"

"గద్ద పోతలేదా?"

"గద్దకు పానం ఉన్నది. నీ కట్టెకు ఏమున్నది?"

బద్దలు చీరుతున్న ఆయన భార్య తల ఎత్తకుండానే అంది, "కట్టెకు మీ తమ్ముని తెలివి ఉన్నది. గది సాలదా?"

నేను రెచ్చిపోయి పుస్తకంలో చదివినదంతా చెప్పాను. ఎండకు బండలు వేడెక్కితే వాటి మీది గాలి తేలికై పైకి లేస్తుందని, ఆ గాలిలో చిక్కుకుంటే గ్లైడరు రెక్క ఆడించకుండా పైకి పోతుందని. ఆయన అంతా విని బీడీ ఆర్పాడు.

"గా సంగతి గద్దలకు ఎవలు సదివి చెప్పిన్రు తమ్మీ?"

భార్య పకపకా నవ్వింది. నాకు కోపం వచ్చింది కానీ ఆ సాయంత్రమే ఆయన నా బొమ్మను చేతిలో తిప్పితిప్పి చూశాడు. ముక్కు బరువు చాలదన్నాడు. రెక్క చివరలు కొద్దిగా పైకి లేవాలన్నాడు. "చాట గాలికి పొల్లు ఎగరేస్తది. ఇది తానే ఎగురుతది. గాలిచాట" అన్నాడు. నా సంస్కృతం పేరు అక్కడే చచ్చింది.

ఇప్పుడు వెదురు గురించి చెప్పాలి, ఎందుకంటే అన్నిటికీ మూలం అదే. మిర్యాలగూడ చుట్టుపక్కల మంచి వెదురు దొర గడీ వెనక పొదల్లో ఉండేది. మేదరోళ్లు దాన్ని నరుక్కోవచ్చు, బదులుగా గడీకి ఏడాది పొడుగునా గంపలు, చాటలు, ధాన్యం పోసే గుమ్ములు ఊరికే అల్లి ఇవ్వాలి. ఎన్ని అడిగితే అన్ని. గడీలో పెళ్లయితే మేదరోళ్ల ఇంట్లో నెల రోజులు పస్తులే. సంఘం గొడవల్లో దొర పట్నం పారిపోయాడు. యాక్షన్ కాగానే తెల్లటోపీ పెట్టుకుని తిరిగొచ్చాడు. వెట్టి ఖతమైందని ఊరూరా డప్పు వేయించారు. అదే వారం గడీ నుంచి కబురొచ్చింది, నలభై గంపలు కావాలని. వెట్టి పోయింది గానీ వెదురు దొరదే కదా.

మేదరాయన కోరిక ఒక్కటే. కృష్ణ ఒడ్డు దిక్కు సర్కారు అడవిలో నెలకు ఒక బండి వెదురు సొంతంగా నరుక్కునే పర్మిట్. అది ఉంటే గడీ గడప తొక్కే పని లేదు. నా చేత రెండుసార్లు అర్జీ రాయించాడు. రెండూ ఏ బీరువాలో పడ్డాయో తెలియదు.

పందేనికి సర్కారు అనుమతి కావాలి. నలుగురు గుమిగూడితే అనుమానించే రోజులవి. నేను కొత్త సర్కారు అధికారిగారి కచేరీకి పోయాను. ఆయన కొత్తగా మద్రాసు వైపు నుంచి వచ్చినవారు, మంచి తెలుగు మాట్లాడేవారు. నేను చెప్పింది విని కుర్చీలో ముందుకు వంగారు.

"జనం భయం వదిలి బయటికి రావాలయ్యా. ఇట్లాంటివే కావాలి. బహుమానం ఏం పెట్టావు?"

"ఇంకా ఏమీ లేదండి."

"అయితే నేను పెడతాను. గెలిచినవాడు అర్జీ తెచ్చుకోమను. నా అధికారంలో ఉన్నదైతే అక్కడే, జనం ముందే సంతకం పెడతాను."

నేను కచేరీ మెట్లు దిగిన సంగతి కూడా గుర్తులేదు. నేరుగా మిర్యాలగూడ పోయి చెప్పాను. మేదరాయన చేతిలోని కత్తి కింద పెట్టాడు.

"నిజంగ సంతకం పెడతడా?"

"జనం ముందల పెడ్తనన్నడు అన్నా."

"ఇగ మూడో అర్జీ రాయి తమ్మీ" అన్నాడు.

రాశాను. దాన్ని మడిచి నూనెగుడ్డలో చుట్టి ఆయన భార్య దూలంలో దాచింది.

తరువాత నేను పందెం నియమాలు రాశాను, ఏడు. ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నవాటిని చూసి, మనకు కుదిరేటట్టు మార్చి, గుండ్రటి అక్షరాలతో. మూడు ఊళ్లవి మూడు గ్లైడర్లు. సూర్యాపేటది నాది, కోదాడది ఒక బస్సు మేస్త్రీది, మిర్యాలగూడది మేదరాయనది. ఏది ఎక్కువ దూరం పోతే అది గెలిచినట్టు. ఏడో నియమం: "గెలిచిన గ్లైడరు ఆసామి అర్జీని అధికారిగారు అక్కడికక్కడే ఆలకిస్తారు."

ఆ ఒక్క మాట. మా ఉర్దూ బడిలో, మా భూముల కాగితాల్లో "ఆసామి" అంటే దున్నేవాడు. భూమి ఇంకొకరిదైనా చేతులు పెట్టి కష్టం చేసేవాడు. నా చెవిలో ఉన్న అర్థం అదే. తెలుగులో "ఆసామి" అంటే కలవాడు, సొంతదారుడు. రెండు బీరువాలు చదివిన నాకు ఆ సంగతి తెలియదా? తెలుసు. రాసేటప్పుడు తట్టలేదు. పంతులుగారు "ఒకసారి చదివి వినిపించు నాయనా" అన్నారు. "నేను రాసింది దిద్దే పని లేదు పంతులుగారూ" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెంప మీద కొడుతూనే ఉంటుంది.

హోళీ పోయిన వారం, సూర్యాపేట బయట రాళ్ల గుట్ట దగ్గర పందెం. పొద్దున్నే మొదలైంది జనం రావడం. మోతె నుంచి, హుజూర్‌నగర్ నుంచి, అటు త్రిపురారం నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. జొన్న కోసిన చేలన్నీ మనుషులే. బెల్లం జిలేబీలు వేసేవాడు పొయ్యి పెట్టాడు. ఆడవాళ్లు గుట్టవాలు మీద కొంగులు కప్పుకుని కూర్చున్నారు. నా పుస్తకంలోని బొమ్మ కళ్ల ముందు లేచి నిలబడినట్టుంది. రెండేళ్లుగా నేను అంత జనాన్ని ఒకచోట చూడలేదు.

దొర తానే పంపిన గడీ బండి మీద మేదరాయన గాలిచాటను తెచ్చారు. వెనకాలే దొర గుర్రబ్బండి. "ఈయన కూడా మారాడు" అనుకున్నాను. అట్లా అనుకున్నవాణ్ని ఇప్పుడు దొరికితే నేనే కొడతాను.

మొదట కోదాడ మేస్త్రీ. ఆయన సైకిలు చువ్వలు, పలచటి రేకు కలిపి చేశాడు. తళతళా మెరిసింది. ఇద్దరు తాడు పట్టుకుని గుట్ట మీద నుంచి పరుగెత్తారు. అది పది బారలు పోయి, ఆలోచించుకుని, ముక్కు మీద దిగి బండను గుద్దుకుంది.

"మీ కోదాడ ఇమానం బస్సు లెక్క రోడ్డు మీదనే పోతది!" అని మోతె వాడెవడో అరిచాడు.

మేస్త్రీ రేకు ముక్కలు ఏరుకుంటూ నవ్వాడు. "బస్సయితే ఆపి బాగు చేసుండేవాణ్ణండీ. దీనికి బ్రేకు లేదు కదా!"

తరువాత నాది. గంజి పెట్టిన మల్లుగుడ్డతో రెక్కలు కుట్టాను, కుట్టు కనబడకుండా. ఎగిరింది. నిజంగా ఎగిరింది. జనం "హో" అన్నారు. ఒక చేను దాటింది, రెండో చేను మీద వంగింది, రేగుపొదలో పడింది. "మేరాయన ముండ్లకు అంగీ తొడిగిండు" అని ఒక ముసలమ్మ అంటే చుట్టూ నవ్వులు.

మేదరాయన వంతు వచ్చింది. ఆయన గాలిచాట చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పైకి చూస్తున్నాడు. వదల్లేదు. రెక్కలకు నేనిచ్చిన పాత పేపర్లు చింతగింజల జిగురుతో అంటించాడు. చదువు రాదు కదా, అక్షరాలన్నీ తలకిందులుగా ఉన్నాయి. బద్దలను నిప్పు మీద కాచి వంచాడు, ఒక్క మేకు లేదు, అంతా ముడులే. బంతి అంత మట్టిముద్ద ముక్కుకు.

"ఏందే, గాలి కొరకు మంచి దినం సూస్తున్నవా?" అని కింది నుంచి ఎవరో.

"అడ్డెడు గాలి కొలిసి పొయ్యమంటవా?" అని ఇంకొకడు.

అధికారిగారు గడియారం చూసుకున్నారు. నేను దగ్గరికి పోయి "వదులు అన్నా" అన్నాను. ఆయన నా దిక్కు చూడలేదు.

"రానీ తమ్మీ. గవి రానీ."

అప్పుడు కనబడ్డాయి, గుట్ట అవతలి బండల మీద రెండు గద్దలు. రెక్క కదపకుండా చుట్టూ తిరుగుతూ పైకి పోతున్నాయి. ఆయన తాడువాళ్లకు చెయ్యి ఊపాడు.

ఆ తరువాత జరిగినదాన్ని నేను ఎన్నోసార్లు చెప్పాను, ఒక్కసారీ సరిగా రాలేదు. గాలిచాట తాడు వదిలించుకుని ముందుకు పోయింది, బండల మీదికి రాగానే ఆగినట్టయింది. పడిపోతుందనుకున్నాం. ఒక రెక్క లేచింది. మెల్లగా వంగి తిరిగింది, తిరిగి ఇంకొక మనిషెత్తు పైకి పోయింది. మళ్లీ తిరిగింది. గద్దలు పక్కకు జరిగి చోటిచ్చాయి. అన్ని వేలమంది జనం, చప్పుడు లేదు. ఎవరో ఆడమనిషి "అయ్యో, అయ్యో" అని సంతోషంగా ఏడుస్తున్నట్టు అనడం మాత్రం వినబడింది.

అక్కడి నుంచి అది గాలి పట్టుకుని రోడ్డు దిక్కు పోయింది. అప్పుడు జనానికి గొంతు వచ్చింది. అరుస్తూ పరుగెత్తారు. మెడలు పైకెత్తి పరుగెత్తితే ఏమవుతుంది, ముందున్నవాళ్లు గట్టు తట్టుకుని పడ్డారు, వాళ్ల మీద వెనకవాళ్లు. లేచి మళ్లీ పరుగు. హైదరాబాదు బస్సు రోడ్డు మధ్యలో ఆగిపోయింది. డ్రైవరు దిగాడు, ప్రయాణికులు దిగారు, అందరూ పైకే చూస్తున్నారు. గాలిచాట బస్సు మీదుగా దాటి, అవతలి చెలకలో, వానపాము కూడా లేవనంత మెత్తగా దిగింది.

మేదరాయన గుట్ట మీదనే ఉన్నాడు. భార్య దగ్గర నూనెగుడ్డ తీసుకుని అర్జీ విప్పుతున్నాడు.

గాలిచాటను భుజాల మీద మోసుకొచ్చారు. అధికారిగారు బల్ల దగ్గర నిలబడి నా నియమాల కాగితం చేతిలోకి తీసుకున్నారు.

"గెలిచిన ఆసామి ఎవరు? ముందుకు రావాలి."

మేదరాయన రెండడుగులు వేశాడు. దొర అప్పటికే బల్ల ముందు నిలబడి ఉన్నాడు.

"వెదురు మాది. తెచ్చిన బండి మాది. మనిషి మావాడే" అన్నాడు దొర చాలా నెమ్మదిగా. "ఎడ్లపందెంల ఎడ్లు గెలిస్తే బహుమానం ఆసామికిస్తరా, తోలేటోనికిస్తరా?"

జనంలో నుంచి ఒకడు అలవాటుగా అన్నాడు, "ఆసామికే." ఇంకా ఇద్దరు తలలూపారు. అదే నాకు కత్తిపోటు. ఇప్పుడే దీని కోసం గట్ల మీద పడి మోకాళ్లు చీరుకున్నవాళ్లు వీళ్లు.

నేను బల్ల దగ్గరికి ఉరికాను. "అయ్యా, నియమం రాసింది నేను. ఆసామి అంటే కష్టం చేసినవాడు అయ్యా. ఆ మాట నేను ఆ అర్థంలోనే రాశాను."

"ఆసామి అంటే సొంతదారుడు కాదటయ్యా?" అన్నారు అధికారిగారు ఆశ్చర్యంగా. "మా వైపు పసిపిల్లలకి కూడా తెలుసు."

"మా కాగితాలల్ల దున్నేటోడు అయ్యా. ఉర్దూలో..."

"ఉర్దూ రోజులు పోయాయయ్యా" అన్నారు నవ్వి. దయగానే అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు.

నేను దొర మొహం చూశాను. ఆయన కౌలుదార్లందరి పేర్లూ ఆయన కాగితాల్లో "ఆసామి" అని ఉండేవి. ఆ మాటకు రెండు అర్థాలూ ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఏది కావాలో ఆ పూటకు అది తీసుకున్నాడు, పెట్టెలో నుంచి అంగీ తీసుకున్నట్టు. ఆయన జేబులో అర్జీ తయారుగా ఉంది! గొడవల్లో సర్కారు తీసుకున్న ఆయన తుపాకీ తిరిగి ఇప్పించాలని. అధికారిగారు చదివారు, సంతకం పెట్టారు. జనం చప్పట్లు కొట్టారు. అవును, కొట్టారు. నేను అబద్ధం రాయడానికి కూర్చోలేదు.

మేదరాయన తన అర్జీని మళ్లీ నూనెగుడ్డలో చుట్టి భార్యకిచ్చాడు. తరువాత గాలిచాట దగ్గరికి పోయాడు.

"దొరా, జర నిలబడుండ్రి" అన్నాడు.

ప్రతి మాటకూ చివర "నీ బాంచెన్" అనాలి గడీ మనిషి. ఆయన అనలేదు. అది అందరికీ వినబడింది.

"వెదురు మీది గద. తీస్కపోండ్రి."

నేల మీద కూర్చుని మొదటి ముడి విప్పాడు. రెక్క కాగితం చర్రున చిరిగింది. బద్ద ఊడదీసి లేచి, రెండు చేతులతో, ఎంతో మర్యాదగా దొర చేతిలో పెట్టాడు. మళ్లీ కూర్చున్నాడు. ఇంకొక ముడి. ఇంకొక బద్ద. అధికారిగారు చూస్తున్నారు, జనం చూస్తున్నారు, దొర వద్దనలేడు, వెదురు తనదేనని ఇప్పుడే చెప్పాడు. ఒక చేతిలో తుపాకీ కాగితం, ఇంకొక చేతిలో బద్దలు. అవి పెరుగుతున్నాయి.

"దొరగారూ, జాగ్రత్తండీ, బద్ద గుచ్చుకుంటాది!" అన్నాడు కోదాడ మేస్త్రీ.

ఈసారి జనం నవ్విన నవ్వు వేరు. దొర చంకలో పెట్టుకోబోయాడు, జారింది. వంగబోయాడు, టోపీ జారింది. బద్దలన్నీ కాళ్ల మీద పడ్డాయి. మేదరాయన ఆగలేదు. చివరి ముడి దాకా విప్పి, దారమంతా వేళ్లకు చుట్టుకుని మొలలో దోపుకున్నాడు.

"దారం నేను అంగట్ల కొన్నది" అన్నాడు. "ముడి నా చేతిది."

అంతే. భార్యాభర్తలిద్దరూ జనంలో నుంచి నడిచి రోడ్డెక్కారు. ఎవరూ అడ్డం రాలేదు. పందెం చూసిన ఉత్సాహం మీదనైనా, మేస్త్రీ తప్ప, ఆయన పక్షాన నాలుగు మాటలు మాట్లాడినవాడు లేడు.

మూడో అర్జీని నేను టపాలో పంపాను. నెల తరువాత జవాబు వచ్చింది, ఊరి పెద్ద సిఫారసుతో పంపుకోవాలని. ఊరి పెద్ద ఎవరో రాయనక్కరలేదు. గడీ వెదురు ఇక ముట్టనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. వెదురు ముట్టని మేదరి ఏం తింటాడు? ఆ వానాకాలానికి ముందే మేస్త్రీ వాళ్లిద్దరినీ, వాళ్ల కత్తులనూ, తట్టలనూ బస్సు టాపు మీద వేసి కోదాడ తీసుకుపోయాడు. అక్కడ అవతలి సీమ నుంచి వెదురు బండ్లు అమ్మకానికి వచ్చేవి. కొనుక్కుని అల్లుకోవచ్చు. బతికినన్నాళ్లు అట్లాగే బతికాడు. ఏ గడీకీ ఊరికే గంప ఇవ్వలేదు. ఇంకొక గాలిచాటా చేయలేదు. నేను రెండుసార్లు పోయి అడిగాను. రెండోసారి చెప్పాడు.

"నేను చేస్త తమ్మీ. నువ్వు మల్ల ఒక మాట రాస్తవు."

నేను లేచి వచ్చేశాను. ఆ మాటకు కోపగించుకునే హక్కు నాకు లేదు.

ఇది రాయడానికి సాయం చేసినవాళ్లకు దండం పెట్టుకోవాలి. పిలిచే పేర్లతోనే పెడతాను. అట్టలేని పుస్తకాన్ని నాకు ఇంటికి ఇచ్చిన పంతులుగారికి, నేను దిద్దనివ్వకపోయినా నన్ను మళ్లీ గ్రంథాలయంలోకి రానిచ్చినందుకు. కోదాడ మేస్త్రీకి, ఆ రోజు నోరు తెరిచిన ఒకే ఒక్క మనిషి అయినందుకు. తన వాకిట్లో నన్ను కూర్చోబెట్టిన మా అక్కకు. ముడులన్నీ ఎట్లా వేశారో చేసి చూపించిన మేదరమ్మకు. చివరిసారి పోయినప్పుడు ఆమెకు చూపు సరిగా లేదు, వేళ్లు మాత్రం బద్దను గుర్తుపడుతున్నాయి. రాసినంత మటుకు చదివి వినిపించాను. దొర తప్పు, అధికారి తప్పు, నా తప్పు, అన్నీ వరసగా. ఆమె మధ్యలో చెయ్యెత్తి ఆపింది.

"ఆసామి, గీసామి నాకెరుక లేదు అయ్యా. గద్దలు జరిగి జాగ ఇచ్చినయి సూడు, గది రాసినవా?"

"రాసిన అమ్మా."

"గది మల్ల సదువు" అంది.